సేఫ్

షార్జా, పదో నంబర్ ఇండస్ట్రియల్ ఏరియా.
జూలై. పగలు మూడున్నర.
తడిగుడ్డ కప్పితే తప్ప
స్టీరింగ్ ముట్టనియ్యదు.

పదకొండేండ్ల నుంచి నాది ఇదే పని:
కంపెనీ రేడియో పీకుడు, కొత్త స్క్రీన్ పెట్టుడు.
ప్లాస్టిక్ పట్టీని పుండు మీది పొక్కులెక్క లేపాలె,
టక్కుమన్నదా, ఆ రోజు కూలి గోవిందా.
లోపల ఇసుక ఉంటది.
అద్దాలు ఎన్నడూ దించనోళ్ల బండ్లల్ల సుత ఉంటది.
ఖర్జూర గింజలు, పిల్లల క్లిప్పులు,
ఒకసారి టిష్యూల చుట్టిన పాలపన్ను.
సేఠ్ కుంజుమొయ్దీన్‌కు చెప్పలే,
ఉన్నకాడనే పెట్టి బిగించిన.

తీగల సంగతి అడుగు, చెప్త.
నల్లది భూమి.
ఎర్రది తాళం తిప్పితేనే లేస్తది.
పసుపుది మాత్రం పండదు.
బండి ఆగినా, ఓనరు దేశం దాటినా,
టైమెంతో, ఏ బటన్ మీద ఏ స్టేషనో
కావలి కాస్తనే ఉంటది.
అది ఊడిందంటే రేడియో అన్నీ మరుస్తది.

ఫిలిప్పీన్స్ నర్సు రోవెనా పసాట్‌కు
పదించుల స్క్రీన్ పెట్టిన నాడు
"పాతది నువ్వే ఉంచుకో, రాజం" అన్నది.
నా పేరు గంగరాజం.
గంగ ఈ ఎండకు ఎప్పుడో ఇంకిపోయింది.
నెల తిరగకముందే ఆమె కెనడా పోయింది.

నేను కొన్నది సుత పసాటే,
నాలుగు వేల దిర్హాములు, మూడు కిస్తీలు.
అమ్మినోడు రేడియో పీక్కొని ఇచ్చిండు.
ఏడాది సంది ఆ కంతల నీళ్ల సీసా, పార్కింగ్ చీటీలు.
టైర్ల షాపు గుల్ జమీన్ పండ్లు బయటవెట్టి నవ్వెటోడు:
"దర్జీ అంగికి గుండీలుండవు!"

శుక్రవారం. జుమ్మా అయింది.
షట్టర్ సగం దించి
రోవెనా రేడియోను కంతలకు తోసిన.
ఎర్రగ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు:
సేఫ్.
భద్రం అనుకునేరు. కాదు.
ఇది నేను పుట్టిన బండి కాదు,
నా నంబరు చెప్తేగని నోరు తెరవ, అని.

తప్పు పట్టలే.
నా వీసా మీద సుత ఒక పేరున్నది.
పక్క షాపుల నేను స్క్రూ తిప్పరాదు.

రెండుమాట్లు అడుగుతది.
మొదటిసారి రోవెనా పాత ఫోన్ నంబరు చివరి నాలుగు.
కాదన్నది.
రెండోసారి నా పాస్‌పోర్టు చివరి నాలుగు,
ఎందుకు కొట్టిన్నో.
కాదన్నది.
ఇగ తాళం తిప్పి పెట్టి గంటసేపు ఊకె కూసోవాలె,
దాని అలక దీరేదాక.

కూసున్న.
సులేమానీ చల్లారింది.
ఇంటికి చేద్దామని ఫోన్ తీసి
మళ్ల జేబుల వెట్టిన.

నలభై నిమిషాలకు యాదికొచ్చింది,
బిగించిన చేతులు నావే,
పెట్టె వీపు మాత్రం చూడనేలేదు.
తీగలు ఊడకుండ ఇంత గుంజి టార్చ్ కొట్టిన.
నాకన్న ముందు విప్పినోడెవడో
మార్కర్‌తో అరబ్బీ అంకెలు రాసిండు:
నిలువు గీత. గుండ్రం. చుక్క. చీలిన కొమ్మ.

వచ్చిన కొత్తల గుండ్రాన్ని సున్న అని చదివి
వేరేవాని బండి విప్పి తిట్లు తిన్నోణ్ని.
ఇక్కడ సున్న చుక్కంతనే.
గుండ్రంగ, ఖాళీగ కనవడేది ఐదు.

ఒకటి. ఐదు. సున్న. ఏడు.
మిగిలిన ఇరవై నిమిషాలు
ఆ నలభై కన్న పొడుగు.

గర్ర్‌మన్నది. పాట కాదు.
స్టేషన్లన్నీ మరిచింది కద.
తిప్పుకుంట పోయిన:
మలయాళం వార్తలు, హిందీల ఫ్లాట్ల బేరం,
ఖురాన్ చదువుతున్న మెత్తని గొంతు.
తెలుగు ఏ గీత మీదా తగల్లే.
తగుల్తదని తిప్పలే సుత.
ఒకటో బటన్‌కు ఏం పెట్టాల్నో తోచక
ఖాళీగనే ఉంచిన.

శనివారం పొద్దుగాల మొదటి బండి పాత కరోలా.
బిగించే ముందు పిన్ నంబరు అడిగి
కొత్త స్క్రీన్ వీపు మీద రాసిన,
రెండు తీర్ల అంకెలల్ల.
"ఎందుకది?" అన్నడు సేఠ్.

ఎవడో ఒకడు విప్పుతడు గద.