ఫారం ఎనుక రాసింది

ఫారంల పదహారు గళ్లున్నయి.
నీరుకుక్కకు గడి లేదు.

జనవరి, మూడో ఐతారం, పాకాల.
మబ్బుల నాలుగింటికే
మంచు కట్ట మీదికెక్కి కూసున్నది.
మెడల దుర్భిణి, చెవులకు తువ్వాల,
పక్కన జగ్గు నాయక్ సగం నిద్రల
బుడుబుంగలను లెక్కవెడుతున్నడు.
మునిగినవే లేచినయా,
లేచినవి వేరేయా, తెల్వక
మూడుసార్లు కొట్టేసి
"నూట ముప్పై, అటో ఇటో" అని రాసిండు.

మా తాత ఓదెలు నీరటికాడు.
ఆయనకు ఫారం లేకుండె.
తూము రాయి మీద అరచెయ్యి ఆనిచ్చి
నీళ్లెంతున్నయో చెప్పెటోడు.
నత్తగొట్టు కొంగలు
శిఖంల ఏ గెట్టు దాక దిగినయో చూసి
యాసంగికి ఎన్ని మడులు పారుతయో చెప్పెటోడు.
మొసలిని మొసలి అనంగ నేను వినలేదు.
"పెద్దమనిషి ఎండకొచ్చిండు" అనుకుంట
పక్కకు జరిగి దారిచ్చేటోడు.

నేను వాచర్ను.
జీతం రెండు నెలలకోపారి వస్తది.
ఖాకీ అంగీ నాకంటె రెండు సైజులు పెద్దది,
భుజాలు మోచేతుల దాక జారుతయి.
పని మాత్రం తాతదే అనిపిస్తది:
ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పుడు.

పోయినేడు
వలల చిక్కి చచ్చిన చిన్నబాతు నొకదాన్ని
పిట్టల ముత్తిలింగం తెచ్చి నా ముందట వెట్టిండు.
కూరకు పనికొచ్చేదే.
కాని కాలికి కడెమున్నది.
"ఎవలో పెంచుకున్నది, ఉసురు తాకుతది" అన్నడు.
కడెం మీద అంకెలు,
నోరు తిరగని ఊరి పేరు.
రేంజర్ సారు ఉత్తరం రాసిండు.
ఏడు నెలలకు జవాబొచ్చింది.

చిన్న దేశమట.
చానా చోట్ల
సముద్రం కంటె మనిషెత్తు గూడ లేదట.
ఊర్లన్నీ కట్టల చాటున,
ఉప్పునీళ్లు పొలాలల్లకు రాకుండ
రాత్రింబవళ్లు తూములు చూసేటోళ్లున్నరట.

ఆ ముక్క మళ్లొకసారి చదువుమన్న సారును.
అంటే ఆడ గూడ నీరటోళ్లున్నరు.
తాత కట్టకు కాపలున్నది నీళ్లు పోకుండ,
వాళ్లు కాపలున్నది నీళ్లు రాకుండ.

ఇంకా అడగాలనిపించింది.
ఆ బురదల నీరుకుక్కను ఏమంటరు?
అది గూడ వలలు కొరికి తిట్లు తింటదా?
ఎండకొచ్చే పెద్దమనిషి ఉన్నడా,
ఉంటే ఎవలన్న దారిస్తరా?
తుఫానుకు కట్ట తెగిన రాత్రి
రెక్కలున్నయి సరే,
తాబేలు ఏమైతది?

జవాబుల అవేం లేవు.
పట్టిన తారీఖున్నది.
బరువున్నది:
మున్నూట పది గ్రాములు.
మా ఇంట్ల తాళంకప్ప అంతుంటది.

ముత్తిలింగానికి చెప్పిన.
"గంత దూరంకెల్లా" అని
వల ఒళ్లె పరుసుకొని
కన్ను కన్ను తడిమి చూసుకున్నడు.
ఆనాటి నుంచి తుంగ పక్కకు వల వెయ్యడు.
వెయ్యడని కాదు,
తక్కువేస్తడు.

మంచు విడుతున్నది.
అవతలి గుట్ట మీద ఎవలో అరిసినట్టు కణుజు.
తుంగల కదలిక.
నీళ్ల మీద ఒక తల,
దాని ఎనుక ఇంకో తల,
మూడోది అప్పటికే రాయి మీద
కొర్రమట్టను నెత్తి కాడికెల్లి తింటున్నది,
పటపట ఇరుగుతున్నయి బొక్కలు
ఇక్కడి దాక ఇనవడుతున్నది.
జగ్గుకు నిద్ర పోయింది.
"ఏ గడిల రాయాలె?"

ఫారం తిప్పిన.
ఎనుక తెల్లగనే ఉన్నది.
నీరుకుక్కలు, మూడు.
మీసాలకు నీళ్లు.
పెద్దమనిషి ఇంకా రాలే.

తర్వాత, ఎవలూ అడగకున్నా,
తూము దాక నడిచిపోయి
రాయి మీద చెయ్యి వెట్టి
అది గూడ రాసిన:
పోయినేటి కంటె
జానెడు తక్కువ.