ఒక చుక్క, ఒక ఖాళీ

శనివారం రాత్రి తొమ్మిదిన్నర.
కాశీబుగ్గ గేటు పడింది,
గూడ్సు బండి ఎంతకీ తెగదు.
పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో
నేనూ, తెర మీద ఒక నల్ల కిటికీ.
బుధవారం తెరిచింది, ఇంకా మూయలేదు.
సగం చేసిన పనులన్నీ అందులోనే ఉన్నాయి,
పొయ్యి మీద వదిలేసిన గిన్నెల్లా.

రేపు సంత. పొద్దున్నే
నలభై రెండు మందికి బట్వాడా.
హాజరు పట్టీ తెమ్మంటే
అలాంటి చోటే లేదంటుంది.

నిన్ననే కదా మార్చాను!
పాత డిస్కులోంచి కొత్త డిస్కులోకి
ఖాతాలన్నీ తరలించి,
సెట్టింగుల ఫైల్లో కొత్త చిరునామా
నా చేత్తోనే రాసి, రెండుసార్లు చూసుకొని
మరీ ఇంటికెళ్ళాను.

డాలరు గుర్తు పెట్టి పేరు అడిగాను.
పంచేవి రూపాయలే అయినా
డాలరు గుర్తు లేనిదే
ఇక్కడ ఏ పేరూ తనలో ఏముందో చెప్పదు.
పాత చిరునామానే చెప్పింది,
తడుముకోకుండా.
అబద్ధం కాదది.
తను కళ్ళు తెరిచిన బుధవారం నాటికి
అదే నిజం.

తవిటయ్య గుర్తొచ్చాడు.
గోడౌను మారిన రాత్రి
బోర్డు మీద కాగితం అంటించారు.
వెనక గేటులోంచి లారీలు వెళ్ళిపోయాయి.
అప్పటికే డ్యూటీ ఎక్కేసిన తవిటయ్య
తిత్లీ లేపేసిన రేకుల కింద
ఖాళీ గోడౌనుకి తెల్లార్లూ కాపలా కాశాడు,
గంటకోసారి టార్చి వేసి, విజిల్ ఊది.
"నాకెవులు సెప్పినారమ్మా?
నాను డూటీకెక్కినప్పుడు పిక్కలిక్కడే ఉన్నాయి."
వారం రోజులు నవ్వుకున్నాం.

మూసి తెరిస్తే సరిపోతుంది, తెలుసు.
కొత్తగా పుట్టే కిటికీ
పుడుతూనే కొత్త చిరునామా పట్టుకొస్తుంది.
మరి పొయ్యి మీది గిన్నెలో?

ఒక చుక్క పెట్టాను.
ఒక ఖాళీ వదిలాను.
ఆ ఫైలు పేరు కొట్టాను.
అంతే. నువ్వున్న చోటే ఉండి
ఆ కాగితం ఇంకోసారి చదువుకో, అని.
చప్పుడు లేదు. సరేననైనా అనలేదు.
డాలరు పెట్టి మళ్ళీ అడిగితే మాత్రం
కొత్త చోటు చెప్పింది.

టీ పట్టుకొచ్చిన తవిటయ్య తొంగి చూశాడు.
"ఏటైందమ్మా, కదిలిందా?"
చుక్క పెడితే కదిలింది, అన్నాను.
"మరదేటి! సుక్క పడకపోతే
మనిసే కదలడు, మిసనెలా కదుల్తాది!"

పట్టీ వచ్చింది.
నలభై ఒక్క పేర్లు నిండుగా.
చామంతి దగ్గర మూడు సున్నాలు.

మానలేదు చామంతి.
గురువారం నా కళ్ళ ముందే
పిక్కలు కొడుతూ కూర్చుంది.
జీడి సొన తిన్న బొటనవేలు
మిషను మీద పెట్టి, తీసి, కొంగుకి తుడిచి,
మళ్ళీ పెట్టి, వెనక వాళ్ళు కసురుకుంటే
పక్కకి తప్పుకుంది.
మిషను దగ్గరున్నది
ఆమె పనిలో చేరిన రోజు వేలు,
గీతలు ఇంకా కాలని వేలు.
అది దాన్నే అడుగుతుంది రోజూ.
దానికి ఏ కాగితం చదివించాలి నేను?

సున్నాలు చెరిపి
ఒకటి, ఒకటి, ఒకటి
చేత్తో వేశాను.
సోమవారం సాహుకారు అడిగితే అడగనీ.

పోయే ముందు
వెతికే దారుల వరస ఒకసారి చూశాను.
కొత్త దారి చివర చేరింది గాని
పాతది పోలేదు.
మళ్ళీ చదివించినంత మాత్రాన
ముందున్నది చెరిగిపోదు.
ప్రతి పనికీ ఇది మొదట
పాత ఇంటి తలుపే తడుతుంది,
లేరనిపించుకొని
అప్పుడు కొత్తింటికి నడుస్తుంది.
దిద్దొచ్చు. ఒక్క వరస.
ఉండనిచ్చాను.

గేటు లేచింది. బయట
తవిటయ్య టార్చి కొత్త గోడౌను వైపు పోతోంది,
పాత రేకుల షెడ్డు చుట్టూ తిరిగి,
దాని తాళం ఒకసారి
లాగి చూసి.