బియ్యం డ్రమ్ము మీది బరువు

కొత్తవాడల తలుపులకు మడతబందులు బిగించుకునే నేను
ఉలి ముట్టక పదకొండేండ్లు.
నీలోఫర్ పేపర్ల చుట్టి తెచ్చిన టేకు దిమ్మెను
బల్ల మీద పెడితే
ముందుగాల వాసన చూసిన.
కరక్కాయ, తుప్పు, పులిసిన బెల్లం,
వాటి మీద బియ్యప్పురుగుల పొడి.

ఓదెల లచ్చవ్వ ఇంట్ల
డ్రమ్ము మూత లేవకుండ
ముప్పై ఏండ్లు కూసున్నదట ఇది.
అంతకు ముందు
జంపఖానాల అంచులెంబడి నడిచిన అచ్చు.

ఇప్పుడు హన్మకొండల తొమ్మిదో అంతస్తుకు
కిటికీ తెరలు గావాలె, సోఫా దిండ్లు గావాలె.
ఫోన్ల చూపించింది నీలోఫర్:
"నాలుగు రేకులే ఉన్నయన్నా, అయిదోది విరిగింది.
కంప్యూటర్ల నింపిన.
చూడు, తామర ఎంత నిండుగుందో."

వేలితో తడిమిన.
విరిగిన కాడ చెక్క గరుకుండాలె.
ఇది నున్నగుంది.
ఎవరో తీరుబడిగ కూసుండి
ఉలితోటే తీసేసిండ్రు.

అడగబోతే లచ్చవ్వ
చాటల రాళ్లేరుతున్నది, తల ఎత్తలే.
"తామరెక్కడిది కొడుకా,
పగిలిన పత్తికాయ అది.
అయిదు అరలుండె.
చెల్కల పచ్చపురుగు పడ్డ ఏడు
మా ఆయన ఒక అర చెక్కేసిండు.
అద్దినన్నొద్దులు నాలుగే అద్దినం.
షావుకారు ఎన్నడు లెక్కపెట్టలే."
ఒక రాయి వాకిట్లకు ఇసిరి,
"మీరు పువ్వనే చెప్పి అమ్ముండ్రి.
పత్తి అంటే బేరమాడుతరు."

ఆ రాత్రి కొత్త టేకు మీద గీత దింపిన.
మొదటి రేకు...
కాదు, మొదటి అర.
చెయ్యి మెల్లగ యాదికి తెచ్చుకున్నది.
నాలుగు దాటి
అయిదోది సగంల ఉండంగ
ఉలి జారింది.
జారిందనే చెప్పుకుంటున్న.

ఆర్డరు అయిదుకే.
ఇంకో దిమ్మె తీసుకొని అయిదూ చెక్కిన.

తెరల రాడ్లు బిగియ్యను నేనే పోయిన.
పగటీలి ఎండకు
పత్తికాయలు నున్నని బండల మీద నీడలై పడ్డయి,
అచ్చుకు అచ్చుకు నడుమ
వెంట్రుకంత సందు,
అక్కడ మాత్రం మనిషి చెయ్యి కనపడ్డది.
"లోటసే గద?" అన్నది ఇంటామె.
అవునన్న.
స్క్రూ ఇంకో చుట్టు తిప్పిన.

చెడిపోయిన అచ్చు లచ్చవ్వకిచ్చిన.
చేతుల పట్టి తూచింది.
నాలుగున్నర అరల మీద బొటనవేలు తిప్పింది,
ఏమనలే.
మూత మీద బోర్లించి
"పాతదానికన్న తేలిక" అన్నది,
"ఎలుకలకు సాలుతది లే."