పరకంత

ముషీరాబాద్ డిపోల ఇరవై ఆరేండ్ల సంది
బస్సులు నా చెవితోటే మాట్లాడుతయి.
బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తే చాలు,
ఏ ఇంజెక్టర్ అలిగిందో పర్వతాలన్న చెప్తడని
డ్రైవర్లు పందెం కాసుకుంటరు.

అసొంటి పర్వతాలు
నిమ్మకాయంత ఇంజన్ ముంగట
రెండు ఆదివారాలు నోరు మూసుకున్నడు.

ఆ కారు మా రుత్విక తెచ్చింది,
ఎర్రగడ్డ అంగట్ల, పాత మిక్సీలకు పలిగిన గడియారాలకు నడుమ,
రెండు వేలంటే పదమూడు వందలకు దించి.
చక్రాలు తిరుగుతున్నయి. ఇంజన్ తిరుగుతలేదు.

నూనె పొయ్యనీకె మూత కోసం కింద మీద చూసిన.
"నాయినా, దీనికి వేరే నూనె గది లేదు.
తాగేదాంట్లనే కలిసుంటది."
పదహారేండ్ల పిల్ల. నాకు చెప్తున్నది.
సీసా మూత తిప్పితే
గుప్పున ఆముదం వాసన!
మా నాయినమ్మ ముక్కు పట్టి తాగించిన ఆముదం,
ఇప్పుడు లీటరుకు నా రెండు దినాల జీతం.

పిస్టన్ పైన ఇరుక్కున్నది.
స్పానర్ ఎత్తిన. చెయ్యి పట్టి ఆపింది.
"బలం కాదు, వేడి."
జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి ఇంజన్ తలకు పట్టింది.
"కాలిపోతే మీ నాయినే కొనాలె" అని
వంటింట్లకెల్లి ఆండాళు.
ప్లగ్గు ఊడదీసి, నూనె రెండు చుక్కలు,
ఫ్లైవీల్‌ను బొటనవేలితో
ఇటు గోరంత, అటు గోరంత.
పావుగంట.
కిర్రుమన్నది. కదిలింది.

ఎవరో బాబు, ఆట అయిపోంగనే
ట్యాంకు ఖాళీ చెయ్యకుండ అటకెక్కించిండు.
మిగిలిన ఇంధనం వానకాలమంత కూసొని
గాలిల తడి తాగింది. బేరింగులకు తుప్పు.
రాణిగంజుల దొరికినయి కొత్తవి,
కారు కన్నా కొంచెమే తక్కువ ధరకు.

ఇగ గాలి వడపోసే స్పాంజి.
ఉతికి, నీడల ఆరబెట్టి,
నూనె పట్టించి, చపాతి పిండి లెక్క పిసికి పిసికి
మళ్ల తొడిగినం.
ఒళ్లంత నూనె రాసుకొని పొర్లినా
అంటేదే అంటుతదంటరు గద,
ఈ స్పాంజికి మాత్రం అంతా అంటాలె.
లోపలికి ఒక్క ఇసుక రేణువు పోయినా
పిస్టన్ గోడ మీద గీత రాస్తది.

మౌలాలి గ్రౌండుల పొద్దున ఆరింటికి
తాడు గుంజితే మూడోసారి అంటుకున్నది.
ఆ అరుపుకు కుక్కలు లేచి ఉరికినయి.
"ఏం పాడుతున్నదే!" అన్న.
పిల్ల మొఖం మాడింది.
"పాట కాదు నాయినా, దప్పి.
వెనక పొగేది?"
ఆపి, తల మీద ఒక నీటిచుక్క వేసింది.
పెనం మీద లెక్క చుయ్యిమని ఎగిరిపోయింది.
"మూడు లెక్కపెట్టే దాక ఉండాలె."

సూది స్క్రూ ఎడమకు తిప్పుమంటే
అర తిప్పబోయిన.
"ఎనిమిదో వంతు! ఎనిమిదో వంతే!"
బస్సులు పట్టిన చేతికి ఎనిమిదో వంతు ఎట్ల దొరుకుతది?
ఏడ దాక్కున్నదో, మా తాత లెక్క బయటికొచ్చింది:
అర, పాతిక, పరక, వీసం.
పరక.
ఆ మాట అనుకున్నంక
వేలు ఆగాల్సిన కాడ ఆగింది.
సన్నగ, నీలంగ, పొగ.

"పరక అంటే?" అన్నది.
ఆ పొద్దు నేను చెప్పిందీ ఆమె విన్నదీ
ఆ ఒక్కటే.

రాత్రి, లైటు తీసినంక, మంచం మీదికెల్లి:
"నాయినా, పిస్టన్ కిందికి దించినవా?"
ట్యాంకు వంచిన, అడుగుది కాలే దాక నడిపించిన,
ప్లగ్గు సందుల నూనె చుక్కలు ఇడిచిన.
ఇది మాత్రం మరిచిన.

లేచి, లైటు వెయ్యకుండనే
ఫ్లైవీల్ మీద బొటనవేలు పెట్టిన.
బిగువు తగిలింది. దాటింది.
ఇంకో పరకంత.
వదులైంది.

"దించిన" అన్న.
జవాబు లేదు. నిద్రపోయింది.
చెయ్యి కడుక్కోలేదు.
దిండు కింద పెట్టుకుంటే
తెల్లారేదాక ఆముదం.