పాదసూచిక

మా విభాగం గోడకు ఒక పట్టిక ఉంది.
కోర్సులు, అరబిక్ పరీక్ష, సమగ్ర పరీక్ష,
ప్రతిపాదన, సిద్ధాంత గ్రంథం, వైవా.
ఒక్కొక్కటీ దాటినప్పుడల్లా సెక్రటరీ మర్వా
పేరు పక్కన ఆకుపచ్చ చుక్క అంటిస్తుంది,
పసిపిల్లకు దిష్టిచుక్క పెట్టినంత శ్రద్ధగా.

మూడేళ్లకు నాకు మూడు చుక్కలు.
నా కింద పేరు సూడాన్ పిల్ల ఇబ్తిహాల్‌ది.
మూడో చుక్క రావలసిన వారం
ఆమె చదవాల్సిన కాగితాలున్న ఊరికి దారులు మూసుకుపోయాయి.
ఆ వారమంతా క్యాంటీన్లో కరక్ చాయ్ చల్లారబెట్టుకున్నాం.
గడువుల గురించి ఎవరం ఎత్తలేదు.

నా అంశం షార్జాలో తెలుగు కూలీల గదులు.
"ఆధారాలు?" అన్నారు డాక్టర్ మౌజా మొదటి రోజే.
ఉన్నది ఒక్కటే.
పోశెట్టి మెస్సు లెక్కల పుస్తకం, అట్ట ఊడినది.

రోలా వెనక పార్కింగుకు రాత్రి కాపలా పోశెట్టి.
కోరుట్ల పక్క మనిషి, ఒకప్పుడు సెంట్రింగ్ పని.
ఒక గది, తొమ్మిది పేర్లు, తొమ్మిదేళ్ల లెక్క.
బియ్యం, ఉల్లిగడ్డ, డాల్డా, కిరోసిన్.
ఒకచోట, "చింతపండు. కరీం బొంబాయి నుంచి తెచ్చిండు. పైసల్ తీస్కోలే."
ఆ తీసుకోని పైసల మీద
నేను పదకొండు పేజీలు రాశాను.

ఎనభై నాలుగు ఆగస్టు దగ్గర నా వేలు ఆగింది.
అక్కణ్ణుంచి బియ్యం ఎనిమిది మందికే.
పేర్లు మాత్రం తొమ్మిది.
తొమ్మిదో పేరు ఎదురుగా, "ఇంటికి" అన్న గడిలో
నెలనెలా మూడు వందల దిర్హములు,
నెలకో చేతిరాత.

చూపించాను. పోశెట్టి బొటనవేలితో పుట తిప్పేసి
"గది రాయకు బిడ్డా.
దాని మీద ఒక ఇల్లు నిలవడ్డది" అన్నాడు.
తర్వాత చాలాసేపు కార్ల గురించి చెప్పాడు,
ఏ కారు ఎంత నూనె తాగుతుందో.

వైవా రోజు గదిలో ఏసీ మోత.
బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ మూడో అనుబంధం తీసి
"లెక్క కుదరలేదు" అన్నాడు.
కుదిరింది సార్, అన్నాను.
"మరి వివరణ?"
నూటపన్నెండో పాదసూచిక చూడమన్నాను.
అందులో ఒకటే వాక్యం:
ఈ తేడాకు కారణం నాకు తెలుసు, ఇక్కడ రాయడం లేదు.

ముత్యాల పడవల ఖాతాల్లో
పోయినవాడి అప్పు కొడుకు పేరుకు మారేది.
అది నా రెండో అధ్యాయం, అందులో అన్నీ రాశాను.
ఇక్కడేమో పోయినవాడి జీతం...
లేదు, నేనేమీ అనలేదు.

డాక్టర్ మౌజా పెన్నుకు మూత పెట్టారు.
వాళ్ల తాత ముత్యాల కోసం మునిగినవాడని
ఆమె నాకెప్పుడూ చెప్పలేదు, మర్వా చెప్పింది.
నన్ను బయట కూర్చోమన్నారు.
కారిడార్లో ఇరవై నిమిషాలు
ఆరిపోయిన నీళ్ల కూలర్‌ను చూస్తూ కూర్చున్నాను.

స్వల్ప సవరణలతో ఆమోదం.
ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం ఉండాలట, బైండింగ్ కోసం.
ఆఖరి చుక్క అంటించబోతే మర్వా డబ్బాలో ఆకుపచ్చవి అయిపోయాయి.
ఎర్రది పెట్టింది.

ఆ రాత్రి రోలాకు వెళ్లాను.
"పాసైనవా?"
అయిన.
"నా పేరెక్కడున్నది?"
చూపించాను. అద్దాలు లేవు, నన్నే చదవమన్నాడు.
చదివాను, ఊరి పేరుతో సహా.
"గింత సన్నగ అచ్చేసిండ్రేంది?"
కిందికి రాసేవి అట్లనే ఉంటయి, అన్నాను.
"ఔ, మేం గూడ కింది అంతస్తే" అని నవ్వాడు.
ఇంతలో తెల్ల లాండ్ క్రూయిజర్ హారన్ కొట్టింది.
నా నాలుగొందల పేజీలు కుర్చీలో పెట్టి
గేటు ఎత్తడానికి లేచాడు.