లోపల చూడలేదు

డెవన్‌లో, వాగు మలుపు దగ్గరి ఆ ఇంటికి
ప్రభుత్వ జాబితాలో దక్కింది ఐదు వరుసలు:
రాతి పునాది, మట్టిగోడలు, రెల్లు కప్పు,
పదహారో శతాబ్దం చివర కావచ్చు, రెండో తరగతి.
ఆఖరి మాట, "లోపల చూడలేదు."

నేను సున్నం పనివాణ్ణి.
అరవైల్లో ఎవరో మెత్తిన సిమెంటును
ఉలితో ఊడదీయడానికి వచ్చాను.
దాని వెనక గోడ
తడిగుడ్డలో చుట్టిన రొట్టెలా మెత్తబడింది.
నాలుగువందల ఏళ్ళు ఊపిరి పీల్చిన మట్టి.
"మంచి టోపీ, మంచి బూట్లు. గోడకి అవి చాలురా"
అనేవాడు నాకు పని నేర్పిన జాబెజ్ లస్కమ్.
వీళ్ళు రెయిన్‌కోటు కూడా తొడిగారు.

మట్టిలో బార్లీ గడ్డి ఇంకా పసుపుపచ్చగానే ఉంది.
ఒకచోట ఎద్దు వెంట్రుకలు. ఒకచోట
గోడ పచ్చిగా ఉన్ననాడు ఎవరో ఆనించిన మోచేయి.
వాసాల మీద వడ్రంగి చెక్కిన గీతలు:
మూడు, నాలుగు, మళ్ళీ నాలుగు.
అందుకేనేమో చూరు ఇప్పటికీ
కాస్త ఎడమకు ఒరిగి వింటున్నట్టుంటుంది.

పొయ్యి పక్కన, పూడ్చిన గూట్లో
చిన్నపిల్ల బూటు. ఒక్కటే.
దయ్యాలు పొగగొట్టంలోంచి దిగకుండా పెట్టేవారట.
ఇంటావిడ టామ్‌సిన్ దాన్ని అరచేతిలోకి తీసుకుని
అరిగిన బొటనవేలి చోటు తడిమి
"నడిచిన పిల్లే" అంది.
ఆఫీసుకు రాయమంటారా అని అడిగాను.
ఆమె కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

సాయంత్రం, కలిపిన సున్నం గట్టిపడకముందే
బూటును దాని చోట పెట్టి
ఇటుక మూశాను.
ఎవరైనా అడిగితే,
మేమూ లోపల చూడలేదు.