చూసీ చూడనట్టు

డండీలో రాత్రి పదకొండు.
సముద్రం మీంచి వచ్చిన పొగమంచు
టే నది వంతెన దీపాల్ని ఒక్కొక్కటే మింగుతోంది.

ల్యాబులో నేనూ,
ఎలుక మెదడులోంచి కోసిన ఉల్లిపొరంత ముక్కా.
దానికి కన్ను లేదు.
కంటి కబురు మోసుకొచ్చే నరం మాత్రం
తెగిన కొసతో మిగిలింది.
ఆ కొసని కరెంటుతో మీటితే
స్పీకర్లో చిటపట,
పోపులో ఆవాల్లా.

సెరటోనిన్ వదిలాను.
నిమిషం. రెండు.
ఆవాలు అణిగిపోయాయి.

కణానికి చెవుడు రాలేదు,
నేరుగా పొడిస్తే పలుకుతూనే ఉంది.
నరం చివరే ఎవరో గుప్పిట బిగించి
తెచ్చినదాంట్లో సగం దాచేసుకుంటున్నారు.

"సంతోషాన్నిచ్చేది కదా,
చూపు దారిలో దానికేం పని?"
అని పొద్దున ఐలీ అడిగింది.
ఏమో అన్నాను.
కోటు జేబులో మాత్రల అట్ట కిర్రుమంది.

ఆరు వారాలైంది మొదలుపెట్టి.
తలుపు వెనక కొక్కేనికి
రోరీ వదిలేసిపోయిన రెయిన్‌కోటు అలాగే ఉంది.
మొదట్లో రోజూ దాని జేబులు తడిమేదాన్ని.
ఇప్పుడు దాని పక్కనుంచే గొడుగు తీసుకుంటాను,
చూసీ చూడనట్టు.

ఎలుక ముక్కకీ నాకూ ముడిపెట్టకూడదు.
తెలుసు. ఇది ఏ గ్రాఫులోనూ గీయను.

ఉప్పునీళ్లతో కడుగుతూ కూర్చున్నాను.
పన్నెండుం పావుకి
ఒక ఆవగింజ చిట్లింది.
నోటుబుక్కులో టైము రాసుకున్నాను.

చాలాసేపటికి
ఇంకోటి.